నురగ రాని క్రీము

పక్కింటి అనీస్ బేగం తన కళ్లతో చూడలేదు. ఆమెకు శకుంతల చెప్పిందట, శకుంతలకు సారంగపాణి సారు ఇంట్లో అంట్లు తోమే మనిషి చెప్పిందట. మొత్తానికి ఆదివారం పొద్దున్నే పిట్టగోడ దాటి కట్టమ్మ చెవిలో పడిన కబురు ఇది: శనివారం సాయంత్రం మొగిలయ్య గడ్డం గీస్తూ గీస్తూ సారంగపాణి సారు చెవి తమ్మె కోసేశాడు.

"మూడు కుట్లు పడ్డయట. నాలుగని గూడ అంటాన్రు గని నేను మూడే చెప్తాన్న కట్టమ్మక్కా. లేనిది చెప్తే రేపు అల్లాకు జవాబు ఇయ్యాలె గద," అంది అనీస్ బేగం గోడ మీద మోచేతులు ఆనించి. "చెయ్యి గజగజ వణుకుతాందట. మీ ఆయన గూడ ఆయన కాడికే పోతడాయె. జర చూసుకొమ్మను."

సారయ్య అప్పుడే తుండు భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. అతని ఆదివారానికి ముప్పై ఐదేళ్లుగా ఒకటే పద్ధతి. పొద్దున మొగిలయ్య దుకాణం, అక్కణ్నుంచి అరకిలో మటన్, మధ్యాహ్నం నిద్ర. ఈ ఆదివారం కూడా అలాగే అనుకున్నాడు.

"విన్నవా?" అంది కట్టమ్మ.

"విన్న. సారే తల ఊపుంటడు. బళ్లె పిల్లలకు చెప్పి చెప్పి తల ఊపుడు అలవాటాయె."

"మరి నీ దవడకు ఆ రెండు పట్టీలేంది? నువ్వే బళ్లె చెప్పినవ్?"

"నేను కదిలిన."

"ఏడాది సంది కదులుతనే ఉన్నవ్. గంగిరెద్దు గూడ అన్నిసార్లు కదలదు."

సారయ్య వంగి మంచం కింద చెప్పుల కోసం చూశాడు. మొగిలయ్య అంటే అతనికి గడ్డం గీసే మనిషి మాత్రమే కాదు. మూతి మీద మొదటి వెంట్రుక మొలిచిన ఏడు దాన్ని తీసింది ఆయనే. పెళ్లికొడుకును చేసిన నాడు గోళ్లు తీసి చెంపలు నున్నగా చేసింది ఆయనే. సారయ్య తండ్రి పోయినప్పుడు హసన్‌పర్తి చెరువు గట్టున గుండు గీస్తూ, గీసినంతసేపూ తానే ఎక్కువ ఏడ్చింది కూడా ఆయనే. వయసులో మూడేళ్లు పెద్ద, అందుకని అన్నా అని పిలుస్తాడు. దుకాణంలో ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక రేడియో. గడ్డం గీసేది పది నిమిషాలు, ముచ్చట్లు గంట. అందులో పావుగంట ఒక్క నురగకే పోయేది. మొగిలయ్య గిన్నెలో సబ్బు వేసి, బ్రష్‌తో తిప్పి తిప్పి, వెన్నపూస లాంటి నురగ తీసి, చెంపకు పూస్తూ ఊళ్లో సంగతులన్నీ చెప్పేవాడు.

ఏడాది కిందట మొదటిసారి కత్తి జారింది. ఎడమ దవడ కింద సన్నగా ఒక ఎర్రగీత. మొగిలయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అద్దంలో ఆ మొహం చూసి సారయ్య చప్పున "నేనే కదిలిన అన్నా" అనేశాడు. మొగిలయ్య ఊపిరి పీల్చుకుని, పటిక రాసి, "జర స్థిమితంగ కూసో తమ్మీ, ఈ వయసుల ఉలుకుడేంది" అని మందలించాడు కూడా. ఆ తర్వాత ఇక ప్రతి ఆదివారం సారయ్య కదులుతూనే ఉన్నాడు, మొగిలయ్య మందలిస్తూనే ఉన్నాడు.

అలాగే జరిగిపోయేది. కానీ సారయ్య పొలం పనులు మానుకుని రెండేళ్లుగా మడికొండ ఐటీ పార్కులో గేటు దగ్గర సెక్యూరిటీగా ఉన్నాడు. అక్కడ సూపర్‌వైజర్ భానుచందర్ అనే ఇరవై ఎనిమిదేళ్ల పిల్లవాడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి వరసగా నిలబెట్టి బూట్లు, బెల్టు, గడ్డం చూస్తాడు. ముందురోజు, శనివారం, సారయ్య ముందు ఆగి చాలాసేపు చూశాడు.

"అంకుల్, మొఖమేంది, పిల్లి బరికినట్టు? సోమవారం పూణె నుంచి పెద్దసార్లు వస్తాన్రు. మల్ల పట్టీలు కనవడితే వెనుక గేటుకు ఏస్త, మల్ల నన్ను అనకుండ్రి."

వెనుక గేటు అంటే జనరేటర్ పొగ, చెత్త డబ్బాలు, మూడు కుక్కలు. ఫ్యాను లేదు, చాయ్ రాదు, పలకరించే మనిషి ఉండడు.

"ఇంట్లనే గీసుకోవచ్చు గద అంకుల్. బ్రష్‌లెస్ క్రీమ్ దొరుకుతాంది. బ్రష్ వద్దు, గిన్నె వద్దు. రాసుకొనుడు, గీసుకొనుడు. అయిపాయె."

రాత్రంతా ఆ మాట సారయ్య తలలో తిరిగింది. పొద్దున అనీస్ బేగం కబురు దానికి తోడైంది. చెప్పులు దొరికాయి. కానీ కాళ్లు మొగిలయ్య దుకాణం వైపు పోలేదు. హసన్‌పర్తిలో కొంటే మొగిలయ్య కంటపడతానని, ఒక ట్యూబు కోసం ఆటో ఎక్కి హన్మకొండ దాకా పోయాడు.

మందుల షాపులో కౌంటర్ దగ్గర సబియా అనే అమ్మాయి ఉంది. మూడు రకాల ట్యూబులు తెచ్చి వరసగా పెట్టింది.

"మీది ఏ స్కిన్ అంకుల్?"

"నా తోలే బిడ్డా."

సబియా నవ్వు ఆపుకుంది. "అది కాదంకుల్. పొడిగుంటదా, జిడ్డుగుంటదా? ఇది పుదీన ఏసింది, సల్లగుంటది గని తెగిన కాడ మండుతది. ఇది సెంటు వాసన. ఇది కలబంద, పొడి చర్మానికి మంచిది, వాసన ఎక్కువుండది."

"వాసన లేనిదే ఇయ్యి, ఒక రేజర్ గూడ. ఎవలకు తెలువొద్దు."

సబియా అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఎందుకైనా మంచిదని వాడే పద్ధతి గట్టిగా, నెమ్మదిగా చెప్పింది. "మొదలు వేడినీళ్లతోని మొఖం కడుక్కోండ్రి. తడి ఆరకముందే పల్చగ రాయుండ్రి. రెండు నిమిషాలు ఆగుండ్రి, వెంట్రుక మెత్తవడ్తది. వెంట్రుక ఎటు వాలితే అటే గీయుండ్రి. ఒక్కో గీతకు రేజర్ కడగాలె, లేకపోతే క్రీము ఇరుక్కుంటది. అయినంక సల్లనీళ్లు. ఇగో, నురగ మాత్రం రాదు. నురగ కోసం చూడకుండ్రి."

సారయ్య అన్నీ విన్నాడు, చివరి మాట తప్ప. అది చెవిన పడింది గానీ నమ్మకం కుదరలేదు. నురగ లేకుండా గడ్డం ఏమిటి? ఇంటికొచ్చి, తలుపేసుకుని, వేడినీళ్లతో మొహం కడుక్కుని, బఠాణీ గింజంత రాసి రుద్దాడు. నురగ రాలేదు. ఇంకొంచెం పిండి రుద్దాడు. రాలేదు. తక్కువైందేమోనని చెంపకు చారెడు పిండాడు. చివరికి పాత పళ్ల బ్రష్ వెతికి దాంతో తిప్పి చూశాడు. ట్యూబు మూడోవంతు ఖాళీ అయి, కళ్లు మాత్రమే మిగిలి, మొహం సున్నం వేసిన గోడలా తయారైంది గానీ ఒక్క బుడగ పుట్టలేదు.

తలుపు తోసుకొచ్చిన కట్టమ్మ గుండె పట్టుకుంది. "ఓ అవ్వా! ఏందయ్య ఇది, ఏ నాటకానికి పోతాన్నవ్?"

"మోసం చేసిండ్రే కట్టా. ఇది నురగ రాని మాల్ ఇచ్చిన్రు."

ఇద్దరూ కలిసి వేలితో క్రీము గీకి తీసేశారు. పల్చగా ఒక పొర మిగిలింది. సారయ్య భయంభయంగా రేజర్ పెట్టి కిందికి లాగాడు. చప్పుడే లేదు. ఒక గీత, ఒకసారి కడగడం, మళ్లీ గీత. ఆరు నిమిషాల్లో అయిపోయింది. చల్లనీళ్లు చల్లుకుని చెంప మీద చెయ్యి వేస్తే జారిపోయింది. ఒక్క ఎర్ర చుక్క లేదు. కట్టమ్మ కూడా వేలితో తాకి చూసి, పెళ్లినాటి సంగతేదో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

సారయ్యకు సంతోషమే కలగాలి. కలిగింది కూడా, ఒక నిమిషం పాటు. ఆ తర్వాత ఏం చేయాలో తోచలేదు. ఆదివారం పొద్దు బోలెడంత మిగిలిపోయింది. చెరువు కింద ఎవరి పొలం అమ్ముడుపోయిందో, ఎవరి కోడలు అలిగి వెళ్లిందో చెప్పేవాళ్లు లేరు. అద్దంలో నున్నటి మొహం ఒక్కటే ఉంది. దానికి చెప్పడానికి ముచ్చట్లేమీ లేవు.

సాయంత్రం వాకిట్లో సైకిల్ గంట మోగింది. మొగిలయ్య. హ్యాండిల్‌కు పనిముట్ల పెట్టె వేలాడుతోంది.

"పొద్దటి సంది ఎదురుచూసిన తమ్మీ. జెరమొచ్చిందేమోనని సామాను ఇక్కడికే పట్టుకొచ్చిన. రా, అరుగు మీద కూసో."

సారయ్య భుజం మీది తుండు గవద చుట్టూ ఎలా చుట్టుకున్నాడో అతనికే తెలియదు. గడ్డం గీసే మనిషి గడ్డం గీస్తానని ఇంటికే వస్తే, వద్దనడానికి లోకంలో ఒక్కటే కారణం ఉంది. అదే నోట్లోంచి వచ్చింది.

"గడ్డం ఉంచుతాన్న అన్నా. మొక్కున్నది."

"మొక్కా? ఎక్కడ?"

"పాలకుర్తి గుట్ట మీది దేవునికి. నలభై రోజులు."

"ఏం మొక్కు?"

"బయటికి చెప్పొద్దు గద అన్నా."

మొగిలయ్య మొహంలో ఏదో వెలుగు ఆరిపోయినట్టనిపించింది. పెట్టెను హ్యాండిల్‌కు మళ్లీ బిగించాడు. "నిజమే. చెప్పకు," అన్నాడు. సైకిల్ తిప్పుకుంటూ ఆగాడు. "కని ఒక్కమాట. నలభై ఒకటో నాడు నేను గూడ వస్త. అక్కడోళ్లను అడిగి, గుండు, గడ్డం నేనే తీస్త. నీ నెత్తి మీద వేరేటోని చెయ్యి పడనియ్య."

అలా చెంపను కాపాడుకోబోయి సారయ్య తలను కూడా అప్పజెప్పాడు.

"ఒక్కమాట చెప్పలేకపోతివా? అన్నా, నీ చెయ్యి వణుకుతాంది, దవాఖానకు పో అని?" అంది కట్టమ్మ ఆయన వెళ్లాక.

"నువ్వు చెప్పు."

"చెప్తా. నాకేం భయం."

మంగళవారం పనిగట్టుకుని వెళ్లింది. గంటలో తిరిగొచ్చి అరుగు మీద కూలబడింది. "అన్న చాయ్ పోసిచ్చిండు. సాసర్ల కప్పు టకటక కొట్టుకుంటాంది. అది వినుకుంట నేనెట్ల చెప్త?"

అంతకు ముందురోజు, సోమవారం, పూణె నుంచి వచ్చిన సార్లు సారయ్య మొహం చూసి మెచ్చుకున్నారని భానుచందర్ ఉబ్బిపోయాడు. వెనుక గేటు మాట ఎత్తకపోగా, మెయిన్ గేటుకే ఖాయం చేసి, ఫోటో తీసి నోటీసు బోర్డులో పెట్టించాడు. శుభ్రమైన గడ్డానికి నమూనా అని కింద రాయించాడు. ఇక సారయ్యకు ఒక్కరోజు కూడా గడ్డం పెంచే దారి లేదు. పొద్దున కొత్త ట్యూబుతో నున్నగా గీసుకుని, కాలనీ దాటేదాకా తుండు చుట్టుకుని, మడికొండలో తుండు విప్పి, సాయంత్రం బస్సు దిగగానే మళ్లీ చుట్టుకునేవాడు. మడికొండలో గడ్డం లేని మనిషి, హసన్‌పర్తిలో గడ్డం పెరుగుతున్న మనిషి.

తుండు చూసి అనీస్ బేగం మొదట పంటినొప్పి అనుకుంది. లవంగ నూనె పంపింది. వారం దాటినా తుండు దిగలేదు. పైగా ఏదో మొక్కు, ఎందుకో చెప్పరు. పదో రోజున కట్టమ్మను గోడ దగ్గర నిలేసింది.

"నిజం చెప్పక్కా. నేను ఎవలకు చెప్ప. నోట్ల పుండా? పెద్ద రోగమా?"

అబద్ధాలు అలవాటు లేని మనిషి కట్టమ్మ. పది రోజుల సిగ్గు ఒక్కసారి పొంగుకొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. అనీస్ బేగం గోడ అవతలి నుంచే ఆమె తల నిమిరి, తనూ ఏడ్చి, ఆ సాయంత్రానికల్లా ఎవరికీ చెప్పకూడదని చెప్పి నలుగురికి చెప్పింది.

అప్పటి నుంచి సారయ్య ఊరివాళ్ల మంచితనానికి బలైపోయాడు. శుక్రవారం శుక్రవారం గోడ మీదుగా వచ్చే మటన్ దాల్చా ఆగిపోయి రాగిజావ రావడం మొదలైంది. "మెత్తగుంటది, మంట పుట్టదు" అని అనీస్ బేగం నిలబడి తాగించేది. అవతల ఆమె వంటింట్లో ఖీమా వేగుతుంటే ఆ వాసన పీల్చుకుంటూ ఇవతల సారయ్య జావ మింగేవాడు. చాయ్ బండి దగ్గర అతనికి మాత్రం చాయ్ చల్లార్చి ఇచ్చేవారు. మటన్ కొట్టాయన "ఇప్పుడొద్దు సారన్నా, మంచిగైనంక" అని కత్తి పక్కన పెట్టేశాడు. సారంగపాణి సారైతే చెవికి కట్టుతోనే వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "నీ కష్టం ముందర నా చెవెంత సారయ్యా" అని కంటతడి పెట్టుకున్నాడు. సారయ్యకు ఆ చెవి వైపు చూడడానికి మొహం చెల్లలేదు.

నిజం చెప్పేద్దామని మూడుసార్లు మొగిలయ్య దుకాణం దాకా పోయాడు. మొదటిసారి ఎవరో ఉన్నారనుకుని తిరిగొచ్చాడు. ఉన్నది గోడకు ఆనించిన గొడుగు. రెండోసారి మొగిలయ్య ఒక్కడే కుర్చీలో కూర్చుని, ఖాళీ గిన్నెలో బ్రష్ తిప్పుతూ రేడియో వింటున్నాడు. సారయ్య అరుగు ఎక్కలేక వెనుదిరిగాడు. మూడోసారి, ఆదివారం, షట్టర్ వేసి ఉంది. ఏ పెళ్లికో పోయుంటాడనుకున్నాడు. తుండు చుట్టుకుని ఆ దుకాణం ముందు నుంచి నడవాల్సిన బాధ తప్పిందని సంబరపడ్డాడు కూడా. ఆ తర్వాత అటువైపే పోలేదు గానీ, ఆ సంబరం మాత్రం చాలాకాలం అతన్ని వదల్లేదు.

ఆఖరి వారం రోజులైనా గడ్డం పెంచుదామని సెలవు అడిగాడు. భానుచందర్ ససేమిరా అన్నాడు. "బోర్డు మీద ఫోటో పెట్టి మీరే లేకపోతే ఎట్ల అంకుల్? మొక్కు దినం ఒక్కరోజు పోయి రాండ్రి."

నలభై ఒకటో నాడు కార్తీకం చలి. అనీస్ బేగం కొడుకు అజహర్ తన ఆటో తెచ్చాడు. ముందు సీటులో అజహర్ పక్కన అతని తల్లి, ఒడిలో వేడినీళ్ల ఫ్లాస్కు, జావ డబ్బా. గుడికి రాను, గుట్ట కింద కూర్చుని దువా చేస్తానని బయల్దేరింది. వెనక కట్టమ్మ, ఆమె పక్కన తుండు చుట్టుకున్న సారయ్య. హసన్‌పర్తి సెంటర్లో మొగిలయ్య ఎక్కాడు. ఆయన కూడా కళ్లు తప్ప ఏమీ కనపడకుండా మంకీ టోపీ పెట్టుకున్నాడు.

"చలి తమ్మీ," అన్నాడు.

"అవునన్నా, చలి," అన్నాడు సారయ్య.

పాలకుర్తి దాకా ఇద్దరూ అంతకు మించి మాట్లాడుకోలేదు. గంట ముచ్చట్లకు అలవాటుపడిన ఇద్దరు మనుషుల మధ్య పనిముట్ల పెట్టె ఒక్కటే గలగలలాడుతూ వచ్చింది.

గుట్ట కింద నీడ చూసి ఆటో ఆపారు. అనీస్ బేగం చాప పరిచింది. మొగిలయ్య పెట్టె తెరిచి, పనిముట్లు ఒక్కొక్కటి గుడ్డ మీద పేర్చాడు. కత్తి పెడుతుంటే గుడ్డ మీద చిన్న చప్పుడైంది. అందరూ విననట్టు నటించారు.

"ఇగ తుండు తియ్యి తమ్మీ."

సారయ్య కట్టమ్మ వైపు చూశాడు. కట్టమ్మ గుట్ట వైపు చూసింది. తుండు విప్పాడు. పొద్దున ఐదింటికి అలవాటు కొద్దీ గీసుకున్న చెంపలు నిగనిగలాడాయి.

"యా అల్లా! పుండేది?" అంది అనీస్ బేగం.

"పుండు ఇడిసిపెట్టమ్మా. గడ్డమేది?" అన్నాడు అజహర్.

మొగిలయ్య దగ్గరికొచ్చి, వేళ్ల వెనుక వైపుతో సారయ్య చెంపను కింది నుంచి పైకి ఒకసారి నిమిరి చూశాడు. పనివాడు పనిని చూసే చూపు అది.

"ఎవలు గీసిన్రు?"

"నేనే."

"దేనితోని?"

"బ్రష్ లేని క్రీమున్నది అన్నా. నురగ రాదు."

"మంచిగొచ్చింది," అన్నాడు మొగిలయ్య.

ముప్పై ఐదేళ్లలో ఆయన సారయ్యను మెచ్చుకున్నది అదే మొదలు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో సారయ్యకు తెలియలేదు. ఈలోగా మొగిలయ్య మంకీ టోపీ లాగేశాడు. కింద నెల రోజుల తెల్లగడ్డం. పుట్టి బుద్ధెరిగాక ఆ మొహం మీద ఎవరూ గరుకు కూడా చూసి ఎరగరు.

"నీకు నోట్ల పుండన్నరు," అన్నాడు. "నేను గూడ మొక్కుకున్న. నువ్వు మంచిగైతే ఇక్కడ తీయిస్తనని."

సారయ్య చాప మీద కూర్చుండిపోయాడు. "నాకేం లేదన్నా. నౌకరి కాడ మొఖం మీద కోతలుంటే ఊకుంటలేరు. నీకెట్ల చెప్పాల్నో తెల్వక... నీ చెయ్యి..."

"నా చెయ్యి ఏంది? చెప్పు."

సారయ్యకు ఏడాది పట్టినా రాని మాట కట్టమ్మ చెప్పేసింది. "వణుకుతాందన్నా."

మొగిలయ్య నెమ్మదిగా తల ఊపాడు. "ఏడాది సంది నువ్వు కదిలినవంటివి. నేను నమ్మిన. వేరేటోళ్లు కోసినవంటే కొట్లాడిన. సారయ్య ప్రతివారం కదుల్తడు, ఒక్క మాటంటడా, మీకే ఈ నజాకత్, సుకుమారం అని ఎళ్లగొట్టిన. సారు చెవి తెగినంక నాకే అనుమానమాయె. ఆ మరునాడు నీ ఇంటికి ఎందుకొచ్చిన అనుకున్నవ్? నిన్నొక్కన్ని అడుగుదామని. నువ్వు నాకు అబద్ధం చెప్పవు గద అని. నువ్వేమో మొక్కంటివి."

మొగిలయ్య చాప మీద కూర్చుని, కత్తిని మడిచి పెట్టెలో పెట్టాడు.

"దవాఖానకు పోయిన. ఏడాది కింద రావాల్సింది అన్నడు డాక్టరు. అప్పుడైతే మందులతోని కొన్నేండ్లు చెయ్యి నిలిచేదట. మూడో ఆదివారం కుర్చీ ఇచ్చేసి దుకాణం మూసిన. నువ్వు రాకపోతివి, ఇంకెవలొస్తరని తెరవాలె?"

ఆ షట్టర్ ముందు తాను పడిన సంబరం సారయ్యకు గుర్తొచ్చింది. 

మొగిలయ్యే లేచి, చాప అంచున సర్దుకుని కూర్చుని, మెడకు గుడ్డ కట్టుకోబోయాడు. ముడి పడలేదు. కట్టమ్మ వచ్చి కట్టింది. "నీ మొక్కు ఉత్తదైనా నాది నిజం. ఇది తీయాలె. నేను తీసుకోలేను. ఆ క్రీమున్నదా నీ కాడ?"

ఉంది. మర్నాటి డ్యూటీ కోసం సంచిలోనే పెట్టుకున్నాడు, రేజర్‌తో సహా. అనీస్ బేగం ఫ్లాస్కులో నీళ్లు గిన్నెలోకి వంచింది. సారయ్య సబియా చెప్పినవన్నీ ఒక్కటి తప్పకుండా చేశాడు. కత్తెరతో గడ్డం పొట్టిగా కత్తిరించాడు. వేడినీళ్లతో తడిపాడు. పల్చగా రాశాడు.

మొగిలయ్య కళ్లు మూసుకునే అడిగాడు. "నురగేది?"

"రాదన్నా."

"నురగ రాకుంటే ఎట్ల తెలుస్తది, ఎక్కడిదాక గీసినవో?"

"అదంతే. చూసుకుంట పోవాలె."

"అంతసేపు ముచ్చటేం చెప్తరు మరి?"

సారయ్య దగ్గర ముచ్చట్లేమీ లేవు. రెండు నిమిషాలు ఆగి, వెంట్రుక వాలిన వైపే రేజర్ లాగాడు. ఒక గీత, ఒకసారి కడగడం. కుడి చెంప నున్నగా వచ్చింది. అనీస్ బేగం "వాహ్" అంది. ఎడమ వైపు తిప్పి దవడ కిందికి వచ్చేసరికి, మొగిలయ్య మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి సారయ్య కంటపడింది. ఆ చెయ్యి దానంతటది చిన్నగా, ఆగకుండా కదులుతోంది. చూపు అక్కడే ఆగింది. రేజర్ ఆగలేదు.

సన్నగా ఒక ఎర్రగీత. సరిగ్గా ఏడాది కిందట సారయ్య దవడ మీద పడిన చోటే.

నలుగురూ చూశారు. అజహర్ మొహం తిప్పుకున్నాడు. సారయ్య పటిక కోసం పెట్టెలో వెతుకుతూ ఆశగా అడిగాడు.

"జర కదిలినవా అన్నా?"

మొగిలయ్య కళ్లు తెరిచాడు.

"నేను కదల్లే. నీ చెయ్యే వణికింది."